తోడు పెడల్

ముత్యం పెడల్ మీద కాలు ఆనించీ ఆనించకముందే సైకిల్ కదిలింది. ఉలిక్కిపడి హ్యాండిల్ గట్టిగా పట్టుకుంది. చెవిలో పెట్టిన చిన్న స్పీకర్‌లోంచి అమ్మ గొంతు, "నానేనే, తొక్కుతన్నాను. భయపడకు" అంది. అమ్మ నూకరత్నం అక్కడ లేదు. దూరంగా జాలరి కాలనీ మేడ మీద, చక్రాలు లేని ఇంకో సైకిలెక్కి కూర్చుని ఉంది. ప్రయోగం చేస్తున్న శాస్త్రవేత్త వసుధ ముత్యం పక్కనే నడుస్తూ, చేతిలోని స్క్రీన్ చూసి తల ఊపింది.

ఇదంతా జరిగే నాటికి విశాఖ బీచ్ రోడ్డును సముద్రం మింగేసి చాలా ఏళ్లయింది. ఊరు వాదించుకుని వాదించుకుని అలసిపోయి, చివరికి నీళ్ల మీదే స్తంభాలు నిలబెట్టి ఒక సైకిల్ బాట వేసుకుంది. పొద్దున్నే మంచు దిగితే ఆ బాట కనిపించదు. సైకిళ్లు మాత్రం గాల్లో తేలిపోతుంటాయి, కింద ఎక్కడో అలల చప్పుడు.

ఆ తేలే సైకిళ్లను ముత్యం కిటికీలోంచే చూసింది ఇన్నాళ్లూ. తొమ్మిదో ఏట బళ్లో పరుగెత్తుతూ పడిపోతే, డాక్టర్లు గుండె కండరం బలహీనమన్నారు, కార్డియోమయోపతి అన్నారు. ఆ మాట పలకడం కాలనీలో ఎవరికీ రాలేదు గానీ, దానికి భయపడటం మాత్రం అందరికీ వచ్చేసింది. పిల్ల మెట్లెక్కబోతే ఎవరో ఒకరు ఎత్తుకునేవారు. గ్లాసుడు మంచినీళ్లు కూడా తన చేత్తో ముంచుకోనిచ్చేవారు కాదు. ప్రేమతోనే చేశారు, కాదనలేం. కానీ పాపం, ఆ పిల్లకి ఊపిరాడలేదు.

వసుధ చేసిన యంత్రం సంగతి అరటిపండు ఒలిచినట్టు చెప్పుకుందాం. మేడ మీది సైకిల్‌ని ఎవరు తొక్కినా, ఆ కాళ్ల బలమెంతో సెన్సర్లు బాట మీది సైకిల్‌కి చెబుతాయి. అందులోని మోటారు సరిగ్గా అంతే బలంతో చక్రాన్నీ పెడల్‌నీ తిప్పుతుంది. బాట మీద ఎత్తు వస్తే మేడ మీది పెడల్ బరువెక్కుతుంది, పల్లం వస్తే తేలికవుతుంది. ముత్యం తొక్కితే ఆ బలమూ దానికి కలుస్తుంది. ముత్యం గుండె మీద అంటించిన పట్టీ ఎప్పుడూ ఆ చప్పుడు లెక్క చూస్తుంటుంది. హద్దు దాటబోతే సైకిల్ మెల్లగా ఆగిపోతుంది.

మొదటి పొద్దుల్లో ముత్యం కల కంటున్నట్టే తిరిగింది. మంచు ముఖానికి తగిలి, రెప్పల మీద తడిగా నిలిచేది. కాకులూ కొంగలూ పక్కనే ఎగిరేవి. ఇంత సముద్రం తన కోసమే ఆగిందనుకునేది.

ఇల్లలకగానే పండగ కాదు కదా. జాలరి కాలనీకి ఒక అలవాటుంది. పెద్దవల ఒడ్డుకు లాగేటప్పుడు దారిన పోయేవాడైనా తాడు పట్టాల్సిందే, పట్టిన చెయ్యి వల ఒడ్డెక్కేదాకా వదలకూడదు. వాళ్లు ఆ పెడల్‌ని కూడా వల తాడే అనుకున్నారు. నూకరత్నం దిగగానే ఎర్రయ్యమ్మ ఎక్కేది, ఆమె దిగకముందే అప్పలనర్సయ్య తాత పంచె ఎగ్గట్టి నిలబడేవాడు. ముత్యం కాళ్లకు పనే లేకుండా పోయింది. పెడల్ దానంతటదే తిరిగేది, పాదాలు దాని వెంట ఊరికే పోయేవి. తొక్కేది ఎవరో కాళ్లకే తెలిసిపోయేది. ఎర్రయ్యమ్మది తోపుడు, తాతది కుదుపు, అమ్మది మాత్రం బెదురుతూ బెదురుతూ వచ్చే బలం. ఊరేగింపులో అమ్మవారి విగ్రహం కూడా ఇలాగే విసుక్కుంటుందేమో అనుకుంది ముత్యం. కిటికీ దగ్గరున్నప్పటి దిగులే మళ్లీ వచ్చి కూర్చుంది.

తొక్కేవాళ్లందరి వైద్య రిపోర్టులు వచ్చేసరికి వసుధకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కాలనీలో షుగర్లు తగ్గాయి, బీపీలు దిగాయి, తాత మోకాళ్ల నొప్పి మాయమైంది. ఒక్క ముత్యం గుండె మాత్రం ఉన్న చోటే ఉంది. వాడని కండరం ఎలా బలపడుతుంది, రోజూ కాస్తయినా సొంతంగా తొక్కాలి అన్నాడు డాక్టరు. వసుధ ఆ మాటే మేడెక్కి చెప్పి చూసింది. "వల సగంలో ఉండగా తాడు వొదిలీమంతావేటమ్మా" అన్నాడు తాత.

ఆ తర్వాత ఒక పొద్దున, ఏళ్ల తరబడి రాని చేపల గుంపు ఒడ్డు దగ్గరికి వచ్చింది. కేక వినగానే కాలనీ మొత్తం దిగి పరుగెత్తింది. పెడల్ మీదున్న తాత కూడా ఏం చేస్తున్నాడో మరిచిపోయి దూకేశాడు. బాట మధ్యలో ముత్యం సైకిల్ ఆగింది.

చుట్టూ మంచు. ఎవరి తోపుడూ లేదు. భయం వేసింది, నిజంగానే వేసింది. మేడ మీది సైకిల్ ఎవరైనా ఎక్కుతారేమోనని ఎదురుచూసింది. ఆ తర్వాత కుడికాలు ఎత్తి, పెడల్ మీద పెట్టి, నొక్కింది. సైకిల్ కదిలింది. ఎడమ కాలు నొక్కింది. తొడలో మంట, గుండెలో దడ, ఆ దడ తనదే. కొంచెం దూరం వెళ్లి ఆగి, రొప్పి, మళ్లీ వెళ్లింది. ముక్కుతూ మూలుగుతూ పోతుంటే మధ్యలో ఎందుకో నవ్వొచ్చింది. అంత సంతోషం తన ఒంట్లో పడుతుందని ఆ పిల్లకు అప్పటిదాకా తెలియదు.

నేరుగా వసుధ దగ్గరికే వెళ్లింది. "నేనే తొక్కాను మేడమ్. రోజూ నేనే తొక్కుతాను. వాళ్లకి చెప్పకండి."

దాచడం తప్పని, అమ్మకైనా చెప్పాలని వసుధ నచ్చజెప్పబోయింది.

"ఆల్లు తొక్కుతన్నారనుకుంటేనే అమ్మ నన్ను గుమ్మం దాటనిస్తాది. కొద్దిరోజులు ఆగండి, అమ్మకి నేనే చెప్తాను."

పట్టీ ఉంటే పరవాలేదని డాక్టరు కూడా అనడంతో వసుధ ఒప్పుకుంది. రెండు సైకిళ్ల లింకు తెంచేసింది. మేడ మీది సైకిల్‌కి మాత్రం రికార్డులో ఉన్న పాత రోజుల ఎత్తుపల్లాల బరువునే మళ్లీ మళ్లీ పంపడం మొదలుపెట్టింది. శాస్త్రవేత్తగా అంత దొంగపని ఆమె ఎన్నడూ చేయలేదు.

కాలనీకి ఏ తేడా తెలియలేదు. అమ్మకి చెప్పడం ముత్యం రేపు రేపంటూ వాయిదా వేసింది. నెలలు గడిచేకొద్దీ రిపోర్టులో ముత్యం గుండె కాస్త కాస్త బలపడింది. జబ్బు పోలేదు, పోదు కూడా. ఆగుతూ ఆగుతూ అయినా బాట చివరి ఎత్తు ఎక్కడం మాత్రం వచ్చేసింది. అది తమ కాళ్ల చలవేనని అప్పలనర్సయ్య తాత సంతలో, బస్సులో, ఆఖరికి మంగలి షాపులో కూడా చెప్పుకున్నాడు.

ఒకరోజు మంచు తొందరగా విడిపోయింది. మేడ మీద నూకరత్నం వంతు. తొక్కుతూ తొక్కుతూ సముద్రం వైపు చూసింది. ఎత్తు మధ్యలో ముత్యం సైకిల్ ఆపి, ఒక కాలు బాట మీద ఆనించి, వంగి ఊపిరి తీసుకుంటోంది. అక్కడ సైకిల్ ఆగి ఉంది. ఇక్కడ తన కాళ్ల కింద పెడల్ మాత్రం ఎత్తెక్కుతున్నంత బరువుగా తిరుగుతూనే ఉంది.

నూకరత్నం కాళ్లు ఒక్క క్షణం తడబడ్డాయి. పెడల్ వైపు చూసింది, కూతురి వైపు చూసింది. ఇన్నాళ్లూ పిల్లే తొక్కుకుంటోందన్నమాట. పేరు పెట్టి కేక వేయాలనిపించింది. దిగి పరుగెత్తాలనిపించింది.

వెనక తన వంతు కోసం కూర్చున్న తాత, "ఏటే, పాప బరువుగా ఉందేటి?" అన్నాడు.

"ఉంది బాబాయ్. శానా బరువుగా ఉంది," అంది నూకరత్నం, కళ్లు తుడుచుకుని తొక్కుతూనే.

అక్కడ ముత్యం మళ్లీ పెడల్ మీద కాలు పెట్టింది.