కోరుకొండ మీద పన్నెండు జూమ్ లెన్సులు

“ఫోటోలో నీ వీపు పడింది, ఫిన్నీ. ఆమె ముఖం పడింది.”

ఫోన్‌లో చీఫ్ జగదాంబ గొంతు నిమ్మళంగా ఉంది. ఆవిడ గొంతు నిమ్మళంగా ఉందంటే ఎక్కడో కొంప మునిగిందని డిపార్ట్‌మెంట్‌లో అందరికీ తెలుసు. ఉదయం ఐదున్నరకి, రాజమండ్రి కోటిపల్లి బస్టాండ్ ఎదుట, ఏజెంట్ ఫిన్నీ చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది.

“ఏ ఫోటో, మేడమ్?”

“పోయిన మంగళవారం తుని స్టేషన్లో నువ్వూ సాయిప్రసన్నా కలిసిన ఫోటో. తీసినవాడు నిన్న మనకి దొరికాడు. ఫోటో దొరకలేదు. ఫోన్లో పంపితే మనం పట్టేస్తామని చిన్న డ్రైవ్‌లో ఎక్కించి కొరియర్‌కి ఇచ్చేశాడు. ఇవాళ తొమ్మిదింటికి కోరుకొండ గుడి దగ్గర అది హోల్ట్ చేతికి వెళ్తుంది.”

హోల్ట్ అంటే ఈ తీరంలో విదేశీ ముఠాకి పెద్ద తలకాయ. పైకి మాత్రం పక్షుల మీద పరిశోధన చేసే ప్రొఫెసర్. రెండేళ్లుగా అతని పక్కన గైడ్‌గా తిరుగుతున్న సాయిప్రసన్న తమ మనిషేనని ముఠా నమ్మకం. నిజానికి ఆమె మన మనిషి. ఇంకో మూడు రోజుల్లో, సముద్రంలోని గ్యాస్ పైప్‌లైన్ల మీద వాళ్లు వేసిన ప్లాన్ మొత్తం ఆమె చేతికి రాబోతోంది.

“హోల్ట్ ఆ ఫోటో చూశాడంటే ఆమె కొండ దిగదు,” అంది జగదాంబ.

“ఆమెని రాకుండా ఆపలేమా?”

“రాత్రి జంగారెడ్డిగూడెంలో ఉన్నారు. ఆమె దగ్గర ఫోన్ లేదు. ఇద్దరూ ఒకే కార్లో వస్తారు.”

“కొరియర్ ఎవరు?”

“నువ్వెక్కబోయే ఫోటో క్లబ్ బస్సులో ఒకడు. 18–300 జూమ్ లెన్స్ ఉంటుంది. డ్రైవ్ దాని లోపల. అందులో ఏముందో వాడికీ తెలియదు. నీ బ్యాగ్‌లో అదే లెన్స్ పెట్టించాను, గుట్టుగా మార్చెయ్. అక్కడ రభస చేశావంటే ఆమె ఎవరి మనిషో హోల్ట్‌కి నువ్వే చెప్పినట్టు.”

ఫోన్ పెట్టేశాక ఫిన్నీకి కాలు ఒకచోట నిలవలేదు. తునిలో చేయాల్సిందల్లా పక్కనుంచి నడుస్తూ ఒక కవర్ అందుకోవడం. పది సెకన్ల పని. కానీ ఆమెని చూసి ఐదు నెలలైంది. టీ తాగుదామా అన్నాడు. తాగారు. నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాలకి ఇవాళ ఆమె ప్రాణం మీదికొచ్చింది. తన్ను తాను తిట్టుకోవడానికి కూడా అతనికి తీరిక లేదు.

మారువేషం గురించి కూడా చెప్పాలి. నెరిసిన మీసం, లావు కళ్లద్దాలు, చొక్కా కింద స్పాంజి బొజ్జ. పాలకొల్లు నుంచి వచ్చిన రిటైర్డ్ హెడ్మాస్టర్. ఆరువందలకి పైగా మెట్లున్న కొండకి ఇలాంటి బొజ్జ కట్టి పంపిన మహానుభావుడెవరో గానీ, అతన్ని ఒకసారి ఎక్కించి చూడాలి.

బస్సెక్కి సీట్లన్నీ కలియజూశాడు. ఒకరి ఒళ్లో 18–300. వెనక సీట్లో 18–300. కిటికీ పక్కన 18–300. తనతో కలిపి పన్నెండు మంది, పన్నెండు లెన్సులూ ఒక్కటే.

“ఏంటండీ అలా చూస్తున్నారు?” అన్నాడు క్లబ్ సెక్రటరీ సత్తిరాజు. మెయిన్ రోడ్డులో బట్టల కొట్టు ఆయనది. “అందరికీ నేనే కలిపి తెప్పించానండి. కెమెరాలూ ఒకటే కంపెనీ. పెళ్లివారికి పంచెలచాపు తీసినట్టు ఒక్క బేరంలో తెగ్గొట్టేశాను. కొత్తగా చేరిన సుధాకర్ గారు కూడా అడిగి మరీ అదే కొనుక్కున్నారు. మీరూ అదే తెచ్చారు. ఆయ్, బావుంది.”

దారి పొడుగునా సత్తిరాజు పాఠం ఆగలేదు. “కొండెక్కేవాడు నాలుగు లెన్సులు మోస్తే ఫోటోగ్రాఫర్ కాదండీ, కూలీ. ఒక్క జూమ్ చాలు. పద్దెనిమిది దగ్గర పెడితే ఊళ్లు ఊళ్లే వచ్చేస్తాయి. మూడొందలకి తిప్పితే ఆ ఊళ్లో ట్రాక్టర్ తోలేవాడి మూతి మీద మీసం కనపడుద్ది. ఎనిమిది ఎపర్చర్ దాటొద్దు. మంచు విడిచేదాకా దూరపు కొండల జోలికి పోవద్దు.”

మిగతావాళ్లు శ్రద్ధగా తలలూపారు. ఫిన్నీ ఒక్కొక్క తలా లెక్కపెట్టుకుంటున్నాడు.

మెట్ల దగ్గర దిగేసరికి ఏడున్నర. కోరుకొండ మెట్లు నిలువునా ఉంటాయి. ఎక్కేవాడు ముందుకి వంగాల్సిందే. మెడలో కెమెరా వేలాడాల్సిందే. వంద మెట్లు ఎక్కారో లేదో, లెన్సుల గొట్టాలు తమ బరువుకి తామే జారి జానెడు బయటికొచ్చి ఊగడం మొదలెట్టాయి. పెద్ద జూమ్‌లన్నింటికీ ఉన్న జబ్బే అది. ముందు గాజు బరువు కిందికి లాగేస్తుంది.

“లాక్ వేసుకోండి బాబూ,” సత్తిరాజు పైనుంచి కేకేశాడు. “పక్కన చిన్న మీట ఉంది చూడండి. గొట్టం మెట్టుకి తగిలిందంటే లెన్స్ పోయినట్టే.”

అందరూ ఆగి గొట్టాలు లోపలికి నెట్టి లాక్ వేసుకున్నారు. ఒక్క మనిషి ఆగలేదు. ఆ కొత్త సభ్యుడు సుధాకరే. కాకినాడలో ఉద్యోగమని చెప్పుకున్న సన్నటి మనిషి. అతని లెన్స్ లాక్ వేసి లేదు. అయినా గొట్టం అంగుళం కూడా జారలేదు.

ఫిన్నీ మెట్టు మీద కూర్చుని ఆయాసం నటించాడు. సగం నటనే. కళ్లు మాత్రం ఆ లెన్స్ మీదే. గాజు ఉంటే జారాలి. జారలేదంటే లోపల గాజు లేదు. పీకేసి, ఆ ఖాళీలో డ్రైవ్ పెట్టారు. ఎవరో తెలిసింది, బాగానే ఉంది. దాన్ని వాడి మెడలోంచి తీసేదెలా?

పైకి చేరేసరికి ఎనిమిది నలభై. కింద పచ్చటి మళ్ల మీద మంచు పలచబడుతోంది. సుధాకర్ గోడవారగా నిలబడి కెమెరాని రెండు చేతులా పొదివి పట్టుకున్నాడు. మెట్ల మలుపులో గడ్డి టోపీ ఒకటి, దాని వెనక నల్ల కళ్లద్దాలు కనిపించాయి. ముచ్చెమటలకి ఫిన్నీ మీసం జిగురు వదులవుతోంది.

అతను నేరుగా సత్తిరాజు దగ్గరకెళ్లాడు. “గ్రూప్ ఫోటో దిగొద్దాండీ? నేను తీస్తాను.”

గోదావరి జిల్లాల్లో గ్రూప్ ఫోటో అంటే ఒక్క ఫోటో కాదు. ఎన్ని కెమెరాలుంటే అన్ని. ‘నా దాంట్లో కూడా ఒకటండీ’ అంటూ ప్రతివాడూ తన కెమెరా తెచ్చి తీసేవాడి మెడలో వేస్తాడు. రెండు నిమిషాల్లో ఫిన్నీ మెడ విరిగేంత పనైంది.

“నా దాంట్లో వద్దులెండి,” అన్నాడు సుధాకర్.

“అదేంటండీ, మీరేమన్నా పరాయివాళ్లా?” అంటూనే సత్తిరాజు అతని మెడలోంచి కెమెరా బెల్టు తీసి ఫిన్నీకి అందించేశాడు. గట్టిగా కాదంటే పదిమందీ తన వైపే చూస్తారు. సుధాకర్ నోరు నొక్కుకున్నాడు.

అప్పుడే హోల్ట్ పైకి వచ్చాడు. పక్కన సాయిప్రసన్న. ఆకుపచ్చ సిల్కు చుడీదార్, అన్ని మెట్లెక్కినా చెదరని లిప్‌స్టిక్. సత్తిరాజు మొహం వెలిగిపోయింది. “ఫారిన్ గెస్ట్ గారూ, రండి రండి, మధ్యలో మీరే. మేడమ్ గారూ, మీరూనండి.”

“నో, నో,” అన్నాడు హోల్ట్. అప్పటికే అతని చెయ్యి సత్తిరాజు చేతిలో ఉంది.

ఎనిమిది యాభై ఆరు. ఫిన్నీ ముందు తన కెమెరా ఎత్తాడు. పద్దెనిమిది దగ్గర గుడి, మనుషులు, వెనక మళ్లు. రింగ్ తిప్పాడు. మూడొందల దగ్గర ఆమె ముఖం ఒక్కటే. కళ్లద్దాలు తీసింది. కళ్ల కింద నిద్రలేని నలుపు. ఆమెకి ఏమీ తెలియదు. ఇంకో నాలుగు నిమిషాల్లో ఏం జరగబోతోందో తెలియకుండానే అతని వైపు చూసి నవ్వింది. ఫిన్నీ వేలు తనంతట తనే బటన్ నొక్కేసింది.

తర్వాత సుధాకర్ కెమెరా. కన్ను పెట్టాడు. చీకటి.

“ఎండకి స్క్రీన్ కనపట్టం లేదండీ,” అని గొణుగుతూ వెనక్కి తిరిగి మండపం మెట్టు మీద కూర్చున్నాడు. కెమెరాలన్నీ ఒళ్లో పోసుకున్నాడు. బటన్ నొక్కి, తిప్పి, దొంగ లెన్స్ ఊడదీశాడు. తనది ఊడదీశాడు. తన లెన్స్‌ని సుధాకర్ కెమెరాకి పెట్టబోతే, మొదటిసారి రెంటి మీదున్న గుర్తు చుక్కలు కలవలేదు. వెనక సుధాకర్ వరసలోంచి అడుగు ముందుకేశాడు.

“కదలకండి బాబూ, మళ్లీ నిలబెట్టాలి,” సత్తిరాజు అతని భుజం పట్టి లాగాడు.

టక్కుమంది. లెన్స్ కూర్చుంది.

పన్నెండు ఫోటోలూ అయ్యాయి. కెమెరాలు యజమానుల మెడల్లోకి చేరాయి. హోల్ట్ తీరిగ్గా సుధాకర్ పక్కకి నడిచాడు.

“ఇక్కణ్ణించి గోదావరి కనిపిస్తుందా?”

“మంచు విడిచాక కనిపిస్తుంది.”

కోడ్ కుదిరింది. సుధాకర్ కెమెరా ముందుకి చాచాడు. అప్పుడు గొట్టం నెమ్మదిగా, వయ్యారంగా, కిందికి జారడం మొదలైంది. పొద్దుట్నుంచీ కదలని గొట్టం. సుధాకర్ దాన్ని చూశాడు. నోరు తెరవబోయాడు.

సాయిప్రసన్న చెయ్యి చాచి గొట్టాన్ని లోపలికి నెట్టి మీట వేసింది. “లాక్ వేసుకోవాలండీ. మీ సెక్రటరీ గారు అరిచిన అరుపు మాకు కింద మెట్ల దాకా వినపడింది.”

హోల్ట్ నవ్వాడు. “షి నోస్ ఎవ్రీథింగ్,” అన్నాడు గర్వంగా. తన సంచిలోంచి అలాంటి లెన్సే ఒకటి సుధాకర్‌కి ఇచ్చి, అతని కెమెరాకున్న లెన్స్ ఊడదీసి జాగ్రత్తగా సంచిలో పెట్టుకున్నాడు. సుధాకర్ తెరిచిన నోరు మూసుకున్నాడు. పెద్దాయనే సంతోషపడుతుంటే తనకెందుకనుకున్నాడు.

కొండ కింద బస్సెక్కే హడావుడిలో డిపార్ట్‌మెంట్ మనుషులిద్దరు సుధాకర్‌ని పక్కకి పిలిచి అడ్రస్ అడిగారు. అతను మళ్లీ కనపడలేదు. ఆ రాత్రి హోల్ట్ లెన్స్ విప్పితే దొరికేది మంచి గాజు. డ్రైవ్ కాజేసి పారిపోయింది కొరియరే అనుకుంటాడు. సాయిప్రసన్నకి ఆ మూడు రోజులూ చాలు.

బస్సులో చివరి సీటు. ఫిన్నీ దొంగ లెన్స్‌లోంచి డ్రైవ్ తీసి, ఫోన్‌కి తగిలించి తుని ఫోటో చెరిపేశాడు. చీఫ్‌కి ఫోన్ చేశాడు.

“పోయిందా?” అంది జగదాంబ.

“పోయింది, మేడమ్.”

“ఆమె ఫోటో ఇంకెక్కడా లేదుగా?”

ఫిన్నీ కిటికీ వైపు చూశాడు.

“ఫిన్నీ.”

“ఒకటుంది మేడమ్. నా కెమెరాలో.”

“గ్రూప్ ఫోటోనా?”

“కాదండి.”

“అంత కొండెక్కావు, అంత ల్యాండ్‌స్కేప్ కనపడింది. తియ్యడానికి నీకు ఇంకేమీ దొరకలేదా?”

“లేదండి.”

“చెరిపెయ్, నాయనా.”

ఆ రోజు ఏజెంట్ ఫిన్నీ చెరిపిన ఫోటోలు రెండు. మొదటిదానికి ఒక సెకను పట్టింది. రెండోదానికి రాజమండ్రి దాకా పట్టింది.