మింగని ముక్క

"రెండు రోజులు రావద్దు. పెద్ద ఓవెన్ చెడిపోయింది. సోమవారం దాకా ఫ్యాక్టరీ బంద్" అని మా సూపర్‌వైజర్ శనివారం పొద్దున్నే ఫోన్‌లో చెప్పాడు. పాపం, ఆయన గొంతు నిండా దుఃఖం. నేను మాత్రం మంచం మీదే ఎగిరి గంతేశాను.

పక్కన నిద్రపోతున్న మా ఆవిడ ఉలిక్కిపడి లేచింది. "ఏమైంది? ఇల్లు కూలిందా?"

"సెలవు! ఇవాళ, రేపు!"

తను దుప్పటి విసిరేసి నా మెడకు చుట్టుకుపోయింది. మాకు పెళ్ళయి నలభై రోజులు. తనకు మందుల షాపులో సాయంత్రం డ్యూటీ, నాకు బిస్కెట్ల ఫ్యాక్టరీలో పగటి డ్యూటీ. నేనింటికొచ్చేసరికి తను ఉండదు, తనొచ్చేసరికి నేను గురక. తనకు సెలవున్న శని, ఆదివారాల్లో నాకు డబుల్ డ్యూటీ. తను వండి డబ్బాలో పెట్టి వెళ్తుంది, నేనొచ్చి తింటాను. అదీ మా కాపురం.

"ఇవాళ ఎదురెదురుగా కూర్చుని తిందాం" అంది తను. " నువ్వు మాత్రం వంటింట్లోకి రాకు. వచ్చావో, కాళ్ళు విరగ్గొడతా!"

బయట వాన. లోపల చికెన్ సూపు, వెన్నలో వేగుతున్న బంగాళాదుంపలు, ఓవెన్‌లో పొంగుతున్న కేకు. గుమ్మం దగ్గర మూడుసార్లు ముక్కు పెట్టాను. మూడుసార్లూ గరిటె దెబ్బలు తిన్నాను. అవి కూడా తియ్యగానే ఉన్నాయి.

ఇక్కడ నా ఉద్యోగం సంగతి చెప్పాలి. నాది రుచి చూసే పని. రోజుకు అరవై ముక్కలు నమలాలి, ఒక్కటీ మింగకూడదు. మింగితే నాలుక మొద్దుబారిపోతుంది. నమిలి, గ్లాసులో ఉమ్మేసి, గోరువెచ్చని నీళ్ళు పుక్కిలించాలి. సూపర్‌వైజర్ ఎదురుగా నిలబడి "ఎలా ఉంది?" అంటాడు. పదికి ఎన్ని మార్కులో చెప్పాలి. ఏడేళ్ళుగా ఇదే పని.

కేకు వచ్చింది. తను వేడివేడి ముక్క కోసి నా నోట్లో పెట్టింది. గరిటె పట్టుకుని ఎదురుగా నిలబడి, కళ్ళు ఇంతింత చేసుకుని అడిగింది.

"ఎలా ఉంది?"

నా చెయ్యి దానంతటదే బల్ల మీది గ్లాసు అందుకుంది. ఉమ్మేశాను. అక్కడితో ఆగినా బతికిపోయేవాణ్ణి.

"ఏడు. మధ్యలో కొంచెం తడి ఎక్కువ."

గరిటె కింద పడింది.

"మళ్ళీ చెప్పు."

"అంటే... ఏడున్నర..."

"ఉమ్మేశావు! నా కేకు ఉమ్మేశావు!"

"అలవాటు బంగారం! నువ్వు ఎలా ఉందని అడిగేసరికి..."

"బంగారమూ లేదు, గింగారమూ లేదు! మరి నలభై రోజుల నుంచి పెడుతున్న డబ్బాలో? అవి కూడా గ్లాసులోకే పోయాయా?"

ఆ మాటతో నాకూ మండింది. "ఏం మాట్లాడుతున్నావు? డబ్బా కడగక్కర్లేకుండా నాకేసేవాణ్ణి!"

"ఎవరు చూశారు?"

"నేను చూశాను!"

"అబ్బో, దొంగకు దొంగే సాక్షి!"

వెంటనే ఫోన్ తీసి మా అమ్మకు కలిపింది. "అత్తయ్యా, మీ అబ్బాయి నేను చేసిన కేకు ఉమ్మేశాడు."

"ఫోన్ వాడికివ్వమ్మా." ఇచ్చింది. "ఒరేయ్, అడ్డగాడిదా! ఉడకని పప్పు పెట్టినా నోరు మూసుకుని తిని పెరిగావు కదరా నా చేతిలో! ఇప్పుడు ఆ పిల్ల దగ్గరా నీ దర్జా?"

"అమ్మా, నా మాట..."

పెట్టేసింది. నా వైపు మాట్లాడేవాళ్ళే లేరు. కోపంగా వెళ్ళి హాల్లో కూర్చున్నాను. తను వంటింట్లో గిన్నెలతో యుద్ధం మొదలుపెట్టింది. మధ్యాహ్నం ఇద్దరం ఏమీ తినలేదు. పంతం.

సాయంత్రం గుమ్మంలోకి వచ్చి, గోడతో చెప్పినట్టు చెప్పింది. "నేను వండేటప్పుడు ఇంట్లో ఎవరూ ఉండరు. నువ్వు తింటున్నట్టు ఊహించుకుంటూ వండుతాను. ఇవాళ కళ్ళారా చూద్దామనుకున్నాను. అంతే."

నేను లేచి వెళ్ళి బల్ల దగ్గర కూర్చున్నాను.

సూపు, దుంపలు, కేకు తెచ్చి బల్ల మీద ఠపీమని పెట్టింది. "తింటే తిను, లేకపోతే లేదు. నేను అడగను. చచ్చినా అడగను. నీ వంక చూడను కూడా." కుర్చీ గోడ వైపు తిప్పుకుని, నాకు వీపు పెట్టి తన గిన్నె అందుకుంది.

తనకు కోపం వస్తే ఒక్కో ముద్దకూ భుజాలు ఎగిరిపడతాయని నాకప్పుడే తెలిసింది. ముడిలోంచి జారిన వెంట్రుకలు మెడ మీద చిన్న చిన్న ఉంగరాలు తిరిగి ఉన్నాయి. ఒకచోట పిండి అంటుకుని ఉంది. తుడవాలనిపించింది, ధైర్యం చాల్లేదు. అలా చూస్తూ కూర్చున్నాను.

చాలాసేపటికి తను ఇటు తిరిగింది. సూపు గిన్నె ఖాళీ. దుంపల పళ్ళెం ఖాళీ. కేకు సగానికి సగం లేదు.

"ఇంత కేకు ఏమైంది?"

"తిన్నాను."

అనుమానంగా బల్ల కింద వెతికింది. గ్లాసు లేదు. "మింగావా?"

"మింగాను."

తన పెదవుల దాకా ఆ ప్రశ్న వచ్చింది. పంటి బిగువున ఆపుకుంది. ముక్కు ఎర్రబడింది.

"ఎలా ఉందో నాకు తెలీదు" అన్నాను. "ఒట్టు. నిన్నే చూస్తూ తిన్నాను. రుచి చూడటం మర్చిపోయాను."

"ఏడేళ్ళ సర్వీసు పెట్టుకుని?"

"ఏడేళ్ళలో మొదటిసారి."

నవ్వు రాకుండా మొహం పక్కకు తిప్పుకుంది గానీ, బల్ల కింద తన పాదం వచ్చి నా పాదం మీద కూర్చుంది. గట్టిగా తొక్కింది కూడా.

"కోపం పోలేదు."

"తెలుసు."

"రేపు పన్నెండింటికి అత్తయ్యను భోజనానికి రమ్మన్నాను. సూపు, కేకు, అన్నీ నువ్వే చెయ్యాలి. నేను గిన్నె కూడా అందివ్వను. మేమిద్దరం కాళ్ళు చాపుకుని కూర్చుని, నిన్ను తిడుతూ తింటాం."