సర్వరీ ఆపా అందరినీ పొమ్మన్నాక

కాస్త దగ్గరికి జరగండి, గొంతు పెద్దది చేసి చెప్పే సంగతి కాదిది. అల్లా సాక్షిగా ఒక్క మాట కల్పించను.

హోటళ్ల వంటిళ్లలో ఎలుకలు, బొద్దింకలు చేరకుండా చూడడం నా పని. భద్రాచలంలో గోదావరి పెరిగిందంటే నా ఫోను మోగుతుంది. నీళ్లు గట్టు దాకా రాగానే కలుగుల్లోని ఎలుకలన్నీ అన్నం వాసన పట్టుకుని ఊళ్లోకి ఎక్కుతాయి. మొన్న వానాకాలం బస్టాండ్ వెనక సర్వరీ ఆపా భోజన హోటల్‌కు వెళ్లాను. తనిఖీకి వచ్చిన ఆఫీసరు పప్పు బస్తాలో ఎలుక పెంటికలు చూశాడట. పొద్దున మళ్లీ వస్తాను, అప్పటికీ కనిపిస్తే తాళం వేస్తానని చెప్పి పోయాడట. ఆమెకు ఆ హోటల్ తప్ప వేరే ఆధారం లేదు. భర్త ముస్తకీమ్ భాయ్ కిందటేడు ఆ పొయ్యి ముందే కుప్పకూలి చనిపోయాడు. వంట చేసేది ఆయనే. అప్పటినుంచి ఆపా ముఖంలో ఏడుపూ లేదు, నవ్వూ లేదు.

"విషం పెడ్తవా ఇద్రీస్ భాయ్?" అంది.

"వంటింట్ల విషమేంది ఆపా! దారులు మూస్తే సాలు."

బస్తాలను గోడకు దూరంగా చెక్కల మీదికి ఎక్కించాను. మోరీకి ఇనుప జాలీ బిగించాను. గోడ కంతల్లో ఇనుప పీచు కూరాను. ఇక మిగిలింది పొయ్యి వెనక, పిడికిలి పట్టేంత కంత ఒక్కటే. మగ్రిబ్ నమాజు చదువుకుని వచ్చేసరికి చీకటి పడింది. కరెంటూ పోయింది.

మా నాన్న నేర్పిన పద్ధతి ఒకటుంది. ఆఖరి కంత మూసేముందు సలాం చెప్పి, లోపలున్నవాళ్లను వెళ్లిపొమ్మని మూడుసార్లు అడగాలి. పాకే పురుగైనా ఆ మాలిక్ పుట్టించిందే కదా! పైగా ఆ రూపంలో ఎవరుంటారో మనకేం తెలుసు?

వెనక తలుపు బార్లా తెరిచాను. "అస్సలాము అలైకుం. ఈ ఇల్లు మూస్తున్నం. పోవాల్సినోళ్లు పోండ్రి."

ఏమీ కదల్లేదు. తడిసిన గోనె వాసన, దానితో కలిసి ఫినాయిల్ వాసన. దూరంగా గోదావరి హోరు.

రెండోసారి అడిగాను. కంతలో గీకుడు మొదలై... ఆగింది.

మూడోసారి. అప్పుడు ఆ కంతలోంచే... ఊపిరంత సన్నగా...

"అందరమా?"

ఎప్పుడూ నోట్లో ఉండే ఖురాన్ ఆయత్ ఒక్కటీ గుర్తు రాలేదు. నా వెనక నిలబడ్డ ఆపా మాత్రం, బేరం తెగక విసిగిన మనిషిలా జవాబిచ్చింది.

"అవ్, అందరు. జల్దీ పోండ్రి. పొద్దుగాల సారొస్తడు."

వెళ్లాయి. ముందు ఎలుకలు. తోసుకోలేదు, కీచుమనలేదు. జనాజాలో శవం వెంట నడిచినట్టు వరసగా గడప దాటాయి. తర్వాత బొద్దింకలు. గోడ మీది బల్లులు. గుడ్లు మోసుకుంటూ చీమలు. అన్నీ నా పాదాల మీదుగానే పోయాయి. భయపడాలని తెలుస్తోంది... భయం రావడం లేదు. ఆ కాళ్లు నావి కావనిపించింది.

అయిపోయిందనుకున్నాను.

పొయ్యి దగ్గర ఎవరో గరిటె కింద పెట్టారు.

మెల్లగా... రబ్బరు చెప్పుల చప్పుడు. వేయించిన ఉల్లిపాయ వాసన నా భుజం పక్కనుంచి దాటింది. గడప దగ్గర ఆగింది.

ఆపా గోడ పట్టుకుంది.

"అజీ..." అంది. "మిమ్ముల గాదు."

చప్పుడు వానలోకి దిగిపోయింది. ఆ రాత్రే పొయ్యి వెనక కంతలోనూ పీచు కూరాను.

పొద్దున ఆఫీసరు మూలమూలా టార్చి వేసి చూశాడు. ఇంత శుభ్రమైన వంటిల్లు ఈ ఊళ్లో చూడలేదన్నాడు. తాళం తప్పింది. ఆయన అటు పోగానే ఆపా పొయ్యి వెనక్కి వెళ్లి, నేను కూరిన ఇనుప పీచును గోళ్లతో పీకేసింది. వేళ్లు కోసుకుపోయి రక్తం వస్తున్నా చూసుకోలేదు.

"మల్ల మూయకు భాయ్. ఆయన్ని పిలుసుకుంట."

నెల తర్వాత అటు వెళ్తే హోటల్ కిటకిటలాడుతోంది. గుడికి వచ్చిన యాత్రికులు చోటు కోసం నిలబడి ఉన్నారు. ఆపా గల్లా దగ్గర అదే ముఖంతో కూర్చుంది. నాకు విస్తరి వేయించింది. బగారా అన్నం, దాల్చా. ముస్తకీమ్ భాయ్ చేతి వంటకైనా అంత రుచి ఉండేది కాదు. సగం తిన్నాక అడిగాను.

"పిలిచినవా ఆపా?"

"అవ్. రోజూ పిలిచిన."

"భాయ్ వచ్చిండా?"

ఆమె వంటింటి తలుపు వైపు చూసింది.

"ఆయన రాలే. ఎవరో వచ్చిండ్రు. పేరడిగితే చెప్తలేరు." గల్లాలో చిల్లర సర్దుతూ, "వంట మాత్రం మంచిగ చేస్తున్నరు" అంది.

నా చెయ్యి విస్తట్లోనే ఆగిపోయింది. వాకిట్లో పనస తొనల బండి మీద ఈగలు నల్లగా ముసిరి ఉన్నాయి. లోపల, నేను సగం తిన్న అన్నం మీద... నా వరసలో కూర్చున్న అందరి విస్తళ్ల మీద... ఒక్క ఈగా వాలలేదు.