పేరు మీద బోర్డు

ఆదివారం, నేతవాళ్ళు జంధ్యం మార్చుకునే నూలు పున్నమి. మగ్గాలకు సెలవు. సూరత్ బమ్రోలిలోని రెండు గదుల ఇంట్లో సోమలింగం స్నానం చేసి, కొత్త జంధ్యం వేసుకుని, సాసర్‌లో చాయ్ పోసుకుంటున్నాడు. కిటికీ కింద ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న కూతురు హారతి ఒక్కసారిగా కేక పెట్టింది.

“బాపూ! నా పేరు పోయింది! ఎవడో కొనేసిండు!”

సాసర్ ఒరిగి చాయ్ అంతా కొత్త జంధ్యం మీద పడింది.

మొదటి లాక్‌డౌన్‌లో ఆఫీసు మూతపడి హారతి ఉద్యోగం పోయింది. అప్పటినుంచి ఇంట్లోనే కూర్చుని వాళ్ళకీ వీళ్ళకీ వెబ్‌సైట్లు తయారుచేసి పెడుతోంది. ఇప్పుడు పుణెలోని ఒక పిల్లల బట్టల కంపెనీ ఆరు నెలల పని ఇస్తామంది. అయితే ఆమె ఇంతవరకూ చేసిన పనులన్నీ చూపించే సొంత సైటు ఉండాలి, అది ఈ సాయంత్రం ఆరింటికల్లా తాము చూడాలి అని షరతు పెట్టింది. సైటు తయారుగానే ఉంది. ‘హారతి ఆడెపు డాట్ ఇన్’ అని అడ్రసు కూడా వాళ్ళకు చెప్పేసింది. ఆ పేరు కొనడమొక్కటే మిగిలింది.

కొనడానికి పది నిమిషాలు చాలు. ఇంట్లోవాళ్ళకు మాత్రం మూడు వారాలు చాల్లేదు. నానమ్మ ఎల్లవ్వ తమ కులదైవం మార్కండేయ స్వామి పేరు పెట్టాలంది. తల్లి రాజమ్మ అసలు ఆడపిల్ల పేరే వద్దంది. “రేపు పెండ్లయితే ఇంటిపేరు మారుతది. అత్తగారోళ్ళు ఊరందరికి కనవడేటట్టు పేరెందుకంటే ఏం జేస్తవ్? ఏదన్న కంపిని పేరు వెట్టుకో” అని పట్టుబట్టింది. సోమలింగం తల్లి దగ్గర “స్వామి పేరే మంచిదవ్వా” అన్నాడు. భార్య దగ్గర “పెండ్లయినంక జూద్దాం” అన్నాడు. కూతురి దగ్గర దగ్గి ఊరుకున్నాడు. చివరికి హారతి తన పేరు మీదే నిలబడితే, ఎల్లవ్వ “సరే, కొనుడన్న పున్నమి నాడు కొను” అని ముహూర్తం పెట్టింది.

“మీ పున్నమి కోసం ఆగితే గిట్లయింది!” హారతికి ఏడుపు ఆగడం లేదు. “ఆరింటికి వాళ్ళకు నా మొహం చూపియ్యాల్నా?”

సోమలింగం తువ్వాలుతో జంధ్యం తుడుచుకుంటూ తల వంచుకున్నాడు. ఆ కొన్న ‘ఎవడో’ తనే.

సూరత్‌లో ఒక డిజైన్ పొద్దున బయటికొస్తే సాయంత్రానికి పక్క గల్లీలో అదే డిజైన్ మగ్గం మీద ఉంటుంది. అలాంటి ఊళ్ళో పేరు చెప్పేసి మూడు వారాలు ఆగడమా? పైగా ఊరవతల పల్సానాలో కొన్న కాస్త జాగాకు బోర్డు పెట్టనందుకు పక్కవాడు గోడను రెండు గజాలు ఇవతలికి జరిపాడు. ఆ దెబ్బ సోమలింగం ఇంకా మరవలేదు. అందుకే మొబైల్ దుకాణం నడిపే మేనల్లుడు వరప్రసాద్‌ను పట్టుకుని ఆ పేరు కొనిపించాడు. పున్నమి నాడు బిడ్డ చేతిలో పెడదామనుకున్నాడు. కానీ రాజమ్మ వినకుండా ఎట్లా చెప్పాలో మాత్రం ఆలోచించలేదు.

“గా దొంగ ముండాకొడుకు చేతులు వడిపోను!” ఎల్లవ్వ మంచం మీదినుంచి అందుకుంది. “ఏ తల్లి కన్నదో గసొంటోన్ని!”

“అవ్వా, తల్లినెందుకు తిడ్తవ్?” అన్నాడు సోమలింగం నీరసంగా.

“తల్లిని గాక? బుద్ధి జెప్పి పెంచితే గిట్ల జేస్తడా?”

సోమలింగం నోరు తెరిచాడు. ఇంతలో వంటింట్లోంచి రాజమ్మ గరిటెతో సహా వచ్చింది. తెరిచిన నోరు మూసుకున్నాడు.

“పోనియ్. దేవుడే వద్దన్నడు” అంది రాజమ్మ. “నేను మొదలే జెప్పిన గద, పేరు వద్దని.”

“నీకు సంతోషంగుంది గదమ్మా!” హారతి లేచి నిలబడింది. “రాత్రింబగళ్ళు నేను పని జెయ్యాలె, పేరు మాత్రం నాది ఉండొద్దు. ఇంకా కనవడని అత్తగారికోసం ఇప్పటిసంది దాసుకోవాల్నా?”

రాజమ్మ జవాబిచ్చేలోగా ఫోను మోగింది. పుణె కంపెనీ మేడమ్ మెసేజ్. హారతి చదివి కళ్ళు నులుముకుని మళ్ళీ చదివింది.

“‘మీ సైటు తెరిచి చూశాం. సోమలింగం ఎవరు? మామీద కేసెందుకు పెడతానంటున్నారు?’ అని అడుగుతున్నరు.”

హారతి గబగబా తన అడ్రసు తనే తెరిచింది. తెర నిండా మాస్కు వేసుకున్న సోమలింగం ఫోటో. దాని కింద హిందీలో ఎర్రటి అక్షరాలు: ‘ఈ పేరు ఆడెపు సోమలింగం కూతురు హారతిది. అమ్మకానికి లేదు. కబ్జా చేసినవారిపై కేసు పెట్టబడును.’

“బాపూ!”

“ఖాళీగ ఇడిస్తే ఎవడన్న జొరవడ్తడని… బోర్డు వెట్టుమన్న” గొణిగాడు సోమలింగం. “ఫోటో మాత్రం వరప్రసాద్‌గాడే వెట్టిండు.”

హారతికి ఏడుపూ నవ్వూ ఒకేసారి తన్నుకొచ్చాయి. ఎల్లవ్వ “నా కొడుకా గా దొంగ!” అని నెత్తి కొట్టుకుంది. రాజమ్మ మాత్రం నవ్వలేదు.

“నాతోని పెండ్లయినంక జూద్దామంటివి?”

“మరి అన్నం తినాలెనంటే నీతోని గట్లనే అనాలె గద” అన్నాడు. చాయ్ మరక పడ్డ జంధ్యాన్ని వేలికి చుట్టుకున్నాడు. “ఇరవై ఆరేండ్లసంది నేస్తున్న. ఒక్కొక్క తాకా బట్ట నిండంగనే దాని కొస మీద పద్నాలుగు అని మగ్గం నంబరు గుద్దుతరు. నా పేరు యాడ లేదు. సేఠ్ గూడ ‘ఏయ్ చౌదా నంబర్’ అనే పిలుస్తడు. పిలిస్తే నేను పలుకుతున్న గూడ. నా బిడ్డ గట్ల పలుకొద్దు రాజమ్మా.”

రాజమ్మ గరిటె పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం వరప్రసాద్ వచ్చి సైటు పాస్‌వర్డులన్నీ, కొన్న కాగితాలూ హారతికి అప్పజెప్పి, ఎల్లవ్వ చేత నాలుగు తిట్లు తిని, రెండు గారెలు కూడా తిని వెళ్ళాడు. ఐదింటికల్లా బోర్డు పోయి హారతి సైటు తెర మీదికొచ్చింది. పుణె మేడమ్ సైటంతా చూసింది. సోమవారంనుంచి పని మొదలుపెట్టమంది. కేసు వద్దని సోమలింగం గారికి చెప్పమంది.

పేరు కొన్న కాగితాలు చూస్తున్న హారతి చెయ్యి ఒకచోట ఆగింది. “బాపూ, పదేండ్లకు కట్టినవా?”

“సాల్దా?” అన్నాడు సోమలింగం కంగారుగా.

ఆమె తండ్రి భుజానికి మొహం ఆనించింది.

వంటింటి గుమ్మంలో రాజమ్మ ఎప్పుడొచ్చి నిలబడిందో ఎవరూ చూడలేదు. కొంగుతో ముక్కు తుడుచుకుని, కూతురి వైపు కాకుండా గోడ వైపు చూస్తూ అడిగింది.

“జర జూడు బిడ్డా… రాజమ్మ అన్న పేరు మీద గూడ ఎవరన్న కూసున్నరా, లేక ఖాళీగనే ఉన్నదా?”

హారతి పక్కకు జరిగి తల్లికి చోటిచ్చింది.