పదిహేనో తేదీ భోజనం

గ్రెగర్ శవం రైల్లో దొరికింది. కిటికీ పక్క సీట్లో, కొండలు చూస్తున్నవాడిలా కూర్చునే ఉన్నాడు. కంటి కింద దోమ కుట్టినంత ఎర్ర చుక్క. డాక్టర్ గుండెపోటు అని రాశాడు.

"వాడిది గుర్రం గుండె," అన్నాడు గూఢచారి శాఖ చీఫ్ క్వాపిల్. "కూర్చో, ఆల్బిన్. వాడి పని ఇక నీది."

వియన్నా ఆగస్టు ఎండకి ఆఫీసు గోడలు కూడా చెమర్చినట్టున్నాయి.

"ప్రొఫెసర్ జావాడిల్‌ని ఫ్లోరెన్స్ చేర్చాలి. ప్రాగ్ నుంచి తప్పించుకొచ్చాడు. అక్కడి గూఢచారుల రహస్య లిపి అంతా ఆయన తలలో ఉంది, కాగితం మీద ఒక్క ముక్క లేదు. ముందు ఆ బొమ్మ చూపించండి, తర్వాత ఏదైనా అడగండి అంటాడు."

"ఏం బొమ్మ?"

"చర్చి గోడ మీద ఆదాము, హవ్వ. తోటలోంచి గెంటేస్తే ఏడుస్తూ పోతుంటారు. దాని పోస్టుకార్డు జేబులో పెట్టుకుని ముసలాడు ఇన్నేళ్ళు బతికాడు. విమానం ఎక్కడు. రైల్లోనే తీసుకెళ్ళు."

"ఏర్పాట్లు?"

"ఒర్నెల్లా చూస్తుంది. ఫ్లోరెన్స్‌లో పుట్టి పెరిగిన పిల్ల, టూరిస్టు ఆఫీసు ముసుగులో ఏళ్ళుగా మనకి పనిచేస్తోంది." క్వాపిల్ గొంతు తగ్గించాడు. "గ్రెగర్ దారి చూసి రావడానికి వెళ్ళాడని మనవాళ్ళకి తప్ప ఎవరికీ తెలీదు. మనలో ఒకరు అమ్ముడుపోయారు. నన్ను కూడా నమ్మకు. రైల్లో టికెట్ కలెక్టర్ మాత్రం నేను పెట్టినవాడు. అనుమానం వస్తే వాడితో 'లిల్లీ' అను. చాలు."

ఆ సాయంత్రం కాఫీ హౌస్‌లో ఒర్నెల్లా చలవరాతి బల్ల మీద మ్యాప్ పరిచింది. నిమ్మపండు రంగు గౌను. ఆమె లోపలికి రాగానే చుట్టుపక్కల బల్లల మీద మాటలు ఆగాయి.

"ప్రొఫెసర్ గారూ, మీరు ఎడమ పక్క కూర్చోకూడదు. బొలోన్యా దాకా ఎండ అటే కొడుతుంది. మాత్రలు ఎన్నింటికి వేసుకుంటారు? సరే, అప్పటికి కాఫీ తెప్పిస్తా. పధ్నాలుగు రాత్రికి దిగుతాం. పదిహేను పొద్దున్నే మీ బొమ్మ. మధ్యాహ్నం మా బాబాయి హోటల్. పేగుల కూర వండిస్తా, వేళ్ళు నాకుతారు."

"నాకు పళ్ళు లేవమ్మా."

"మెత్తగా వండిస్తాలెండి. బల్ల ముగ్గురికి." ఆల్బిన్ వైపు తిరిగింది. "మీరూ వస్తున్నారు కదండీ? లేకపోతే గుమ్మం దగ్గర నిలబడి కాపలా కాస్తారా?"

"వస్తాను," అన్నాడు ఆల్బిన్. అనుకున్నదానికంటే తొందరగా అన్నాడు.

అతను పూర్వం మారుపేరుతో ఫ్లోరెన్స్‌లో బతికాడు. రోజూ పలకరించినవాళ్ళున్నారు గానీ భోజనానికి పిలిచినవాళ్ళు లేరు. ఒర్నెల్లా మాటకి లోపల ఏదో చిన్నగా గుచ్చుకుంది. అది సంతోషమే అనుకున్నాడు.

మర్నాడు ఉదయం రైలు బయల్దేరింది. ప్రొఫెసర్ పోస్టుకార్డు ఒళ్ళో పెట్టుకున్నాడు. హవ్వ ముఖం వేళ్ళ రాపిడికి తెల్లబడింది.

"నేను సరిహద్దు దాటిన రోజు ఇదిగో, ఇలాగే ఏడ్చాను, నాయనా," అన్నాడు. "నోరు తెరుచుకుని. ఈ హవ్వకెలా తెలుసో అడగాలి."

సెమ్మెరింగ్ కొండలు మొదలయ్యాయి. ఒర్నెల్లా సంచిలోంచి ముత్యపు చిప్ప తాపడం చేసిన చిన్న బైనాక్యులర్స్ తీసింది.

"మీ కోసమే. ఆ బొమ్మ ఎత్తులో ఉంటుంది, ఉత్త కళ్ళకి ఆనదు. ఇప్పుడే అలవాటు చేసుకోండి. పెద్ద వంతెన రాగానే కళ్ళకి ఆనించి ఈ చక్రం తిప్పండి, లోయంతా దగ్గరకొచ్చేస్తుంది. ఈలోగా నేను కాఫీ తెస్తా."

తలుపు మూసుకుంది. రైలు సొరంగంలో దూరింది.

చీకట్లో ఆల్బిన్ ఆ భోజనం ఊహించుకున్నాడు. నది దాటాడు. సందు తిరిగాడు. హోటల్ గుమ్మం చేరాడు. షట్టరు దించి ఉంది. మనసుని మందలించి మళ్ళీ మొదటినుంచి నడిచాడు. మళ్ళీ షట్టరే. పక్క కొట్టుకీ షట్టరే. వీధి పొడుగునా షట్టర్లే. ఇది ఊహ కాదు, జ్ఞాపకం అని అప్పుడు తెలిసింది.

ఆగస్టు పదిహేను. ఫెర్రగోస్తో పండగ. ఆ రోజు ఫ్లోరెన్స్ ఫ్లోరెన్స్‌లో ఉండదు, సముద్రపు ఒడ్డున ఉంటుంది. ఒక ఏడాది అదే రోజున రొట్టె ముక్క కోసం ఊరంతా తిరిగాడు. ఆకలి మర్చిపోయాడు గానీ, తట్టడానికి ఒక్క తలుపు లేకపోవడం మర్చిపోలేదు. ఆ ఊళ్ళో పుట్టిన మనిషి ఆ రోజున బాబాయి హోటల్‌కి పిలవదు. ఎండ ఎటు పడుతుందో లెక్కగట్టిన మనిషి పండగని మర్చిపోదు. ఆమె ఆ రోజు గురించి అసలు ఆలోచించలేదు. ఆ భోజనం దాకా ప్రొఫెసర్ బతకడని తెలిసిన మనిషికి ఆలోచించే అవసరం లేదు.

నిన్న లోపల గుచ్చుకున్నది సంతోషం కాదు.

సొరంగం అయిపోయింది. వెలుతురు. వంతెన. ప్రొఫెసర్ బైనాక్యులర్స్ కళ్ళకి ఆనించుకున్నాడు. వేలు చక్రం మీద ఉంది.

"అబ్బ, ఎంత లోతు..."

ఆల్బిన్ చెయ్యి విసిరాడు. బైనాక్యులర్స్ ఎగిరి గోడకి తగిలాయి. చక్రం తిరిగింది. కంటి అద్దం అంచు నుంచి సన్నటి సూది బయటికొచ్చింది. దాని మొన నుంచి ఒక చుక్క ఖాళీ సీటు మీద పడింది.

ఎర్ర చుక్క. గ్రెగర్ కంటి కింద ఉన్నది ఈ సూది పోటే; అతను కూడా ఇలాగే లోయ చూశాడన్నమాట.

తలుపు తెరుచుకుంది. ఒర్నెల్లా చేతిలో ఒకే ఒక కాఫీ కప్పు. ఆల్బిన్ చేతిలో పిస్తోలు చూసి కప్పుని జాగ్రత్తగా కింద పెట్టింది.

"ఎక్కడ తప్పు చేశాను?"

"పదిహేనో తేదీ. మీ బాబాయి సముద్రానికి వెళ్ళడా?"

ఆమె పెదవులు కదిలాయి, రోజులు లెక్కపెట్టుకుంటున్నట్టు. తర్వాత నవ్వింది. "ఛ! మా అమ్మకి తెలిస్తే చెప్పుచ్చుకు కొడుతుంది." నవ్వు ఆపింది. "ఒక మాట చెప్పనా? భోజనానికి రమ్మంటే మీ ముఖం వెలిగిపోయింది చూశారూ, అప్పుడు నిజంగానే జాలేసింది."

ఆల్బిన్ పిస్తోలు దించకుండా కలెక్టర్‌ని కేకేసి, "లిల్లీ," అన్నాడు. తర్వాతి స్టేషన్‌లో నిమ్మపండు రంగు గౌను ఇద్దరు పోలీసుల మధ్య నడిచి వెళ్ళింది. వెనక్కి తిరిగి చూడలేదు.

పదిహేనో తేదీన చర్చిలో ప్రొఫెసర్ చాలాసేపు తలెత్తి నిలబడ్డాడు. బొమ్మ ఉత్త కళ్ళకే బాగా ఆనింది. బయటికొచ్చి ముక్కు తుడుచుకుని, "ఇక అడుగు, నాయనా. అన్నీ చెప్తా," అన్నాడు. "ఆ పిల్ల బాబాయి హోటల్ నిజంగా ఉందంటావా?"

ఉంది. బోర్డు మీద ఆమె ఇంటిపేరే ఉంది. షట్టరు దించి ఉంది. వీధిలో ఒక్క మనిషి లేడు. ఇద్దరూ ఆ మెట్ల మీద కూర్చుని రైల్లో మిగిలిన ఎండు రొట్టె పంచుకున్నారు.

ఆల్బిన్‌ని ఈ ఊళ్ళో ఎవరైనా భోజనానికి పిలవడం అదే మొదటిసారి. పిలిచిన మనిషి జైల్లో ఉన్నా, అతను మాత్రం వేళకే వచ్చాడు.