ఎడమ బుగ్గ ఎరుపు

ఇలియాస్ ఎడమ బుగ్గ ఎర్రగా ఉంది. కుడి బుగ్గ మామూలుగానే ఉంది. ఆర్షియా కడుపు మండడానికి ఆ తేడా చాలదూ?

మొదటిసారి వీడియో కాల్‌లో చూసి ఎండ అనుకుంది. తర్వాతి కాల్‌లోనూ అదే చోట అదే ఎరుపు. ఎండకు ఒక్క బుగ్గ మీదే అంత ప్రేమ దేనికి? పైగా ఈమధ్య అతని ఫోనెప్పుడూ బిజీ. ఎవరంటే "పులివెందుల జాహ్నవి" అంటాడు, పాలవాడి పేరు చెప్పినంత తేలిగ్గా. నిఖాకు నెల కూడా లేదు. ఇతను తనకు దక్కకుండా పోతాడేమోనన్న భయంతో ఆర్షియాకు తిండి సయించడం లేదు. చెప్పాపెట్టకుండా జమ్మలమడుగులో బస్సెక్కి ప్రొద్దుటూరులో దిగింది.

ఇలియాస్ రిపేరు షాపులో ఒకమ్మాయి అతని ముఖంలోకి వంగి చూస్తోంది. అతని బుగ్గకు ఏదో జెల్, దాని మీద ట్రిమ్మర్ లాంటి మిషను. షాపంతా గులాబీ వాసన.

"వేడి సరిపోయిందాప్పా?"

"ఆ జాహ్నవీ, ఇప్పుడు శానా బాగుంది" అన్నాడు ఇలియాస్ కళ్లు మూసుకుని.

"కళ్లు మూసుకునేంత బాగుందా?" అంది ఆర్షియా గుమ్మంలోంచి.

ఇలియాస్ ఉలిక్కిపడ్డాడు. "నువ్వేంది ఈడ?"

"అడ్డమొచ్చినానా?"

"అయ్యో, ఇది ఆర్ఎఫ్ మిషను. ఆడోళ్లు ఇంట్లోనే చర్మం బిగువు చేసుకునేది. ఒంటికి ఆనిస్తేనే వేడెక్కుతాది. రిపేరు చేసినాక యాడో ఒకచోట పెట్టి చూడల్ల గదా."

"చెయ్యి లేదా నీకు?"

ఇలియాస్ చేతులు చాపాడు. వేళ్ల నుంచి మోచేతుల దాకా సోల్డరింగ్ కాల్చిన మచ్చలే. "వీటికి వేడి తెలీదు. ఒకరి ముఖం కాలేదానికన్నా నా బుగ్గ కాలడం మేలు."

జాహ్నవి నవ్వింది. "మా ఊర్లో ఈ మిషన్లు అమ్మేది నేనే, చెడిపోతే ఈయప్పకే ఫోను చేస్తాంటా. నా ముఖం మీద పెట్టి చూడప్పా అంటే, పెండ్లి కుదిరినోణ్ణి, ఇంకొకరి ముఖం తాకనంటాడు. నీ మొగుణ్ణి నువ్వే ఉంచుకో తల్లీ, నాకు మిషనిస్తే చాలు." మిషను తీసుకుని వెళ్లిపోయింది.

ఆర్షియాకు తిట్టడానికి ఎవరూ మిగల్లేదు. అయినా అసూయ అంత తొందరగా చల్లారుతుందా? "ఎడమ బుగ్గే ఎందుకు?"

"కుడిచేత్తో కరెంటు చూసే మీటరు పట్టుకుంటా, ఎడమచేత్తో మిషను."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఆడోళ్ల మిషను పెట్టుకుంటాండానని నవ్వుతావనుకున్యా."

"నవ్వలేదు, ఏడ్చినా. నిన్నెవరో ఎగరేసకపోతాండారని." బల్ల మీదున్న ఇంకో మిషను అందుకుంది. "ఇంగ నా బుగ్గ మీద చూడు."

ఇలియాస్ గబుక్కున లాగేసుకున్నాడు. "వద్దు. నీకు కాలితే నేను తట్టుకోలేను."

ఆ మాట విన్నాక ఆర్షియా స్టూలు లాక్కుని కూర్చుంది. అతని ఎడమ బుగ్గ మీది జెల్‌ను చున్నీ అంచుతో తుడిచింది. ఇంకా వెచ్చగానే ఉంది.

"సరే, ఇది ఊరోళ్లకిచ్చినా. కుడి బుగ్గకు మాత్రం ఏ మిషనూ తగలనీయొద్దు. అది నాది."

ఏ మిషనూ తగలకుండానే ఇలియాస్ కుడి బుగ్గ కూడా ఎర్రబడింది.