తోక వచ్చింది!

"తోక! నన్ను తోకని చేశారు!"

టపాకాయ ఈ మాట అనుకోవడం అది ఆరోసారి. పక్కన వినేవాళ్ళు లేక వీపు మీది సంచీకే చెప్పుకుంది. తోకకి పక్కన ఎవరుంటారు?

టపాకాయ అసలు పేరు హాజరు పట్టీలో ఉంది. హాజరు వేసేటప్పుడు తప్ప దానితో ఎవరికీ పని లేదు. నోరు తెరిస్తే వీధి చివరి దాకా వినబడుతుంది కాబట్టి ఒకటో తరగతి నుంచీ ఆ పేరే ఖాయమైపోయింది. ఇప్పుడు అయిదో తరగతి. క్లాస్ లీడర్ కూడా తనే.

ఆ రోజు క్లాసులోని ముప్పై ఒక్కమందీ టీచర్‌తో, డ్రిల్ మాస్టారితో కలిసి సైన్స్ మ్యూజియం చూడటానికి మహానగరానికి వచ్చారు. ఒక్కరికి తప్ప అందరికీ నగరం చూడటం అదే మొదటిసారి. తెల్లవారగానే రైలెక్కి, పదకొండు గంటలకి దిగారు. ఇప్పుడు పెద్ద స్టేషన్ బయట, ఫుట్‌పాత్ మీద వరసగా నిలబడ్డారు. ఎదురుగా మేడలు. మెడ వెనక్కి వాల్చి అంతస్తులు లెక్కపెట్టబోయి, పన్నెండు దాటాక అందరికీ లెక్క తప్పుతోంది.

ఇంతమంది తప్పిపోకుండా టీచర్ ఒక పద్ధతి పెట్టారు. వరసకి ముందు ఒకరు పొడవాటి కర్రకి కట్టిన పసుపు జెండా పట్టుకుని నడవాలి. మిగతా అందరూ ఆ జెండా వెనకే. అందరికంటే చివర ఇంకొకరు. ఆ చివరి మనిషే తోక. రోడ్డు దాటినా, మెట్లు దిగినా, తన ముందున్న అందరూ దాటారని చూసుకుని తోక "తోక వచ్చింది!" అని అరవాలి. ఆ అరుపు వినబడే దాకా జెండా కదలకూడదు. వారం రోజులు బడి చుట్టూ తిప్పి ప్రాక్టీస్ కూడా చేయించారు.

ప్రాక్టీస్‌లో రోజుకొకరు జెండా పట్టారు. కానీ అసలు రోజున లీడరే కదా పట్టాలి? టపాకాయ ఇంట్లో చీపురు కర్రకి తువ్వాలు కట్టుకుని, తమ్ముణ్ణి వెనక నడిపించుకుంటూ గదులన్నీ తిరిగింది. తీరా పొద్దున రైల్లో టీచర్ ఏమన్నారు?

"గుసగుసా, జెండా నువ్వు పట్టుకో. టపాకాయా, తోక నువ్వు."

"టీచర్! లీడర్ని నేను కదా?"

"అందుకేనమ్మా నిన్ను చివర పెట్టింది" అన్నారు టీచర్, పేర్లకి టిక్కు పెట్టుకుంటూ.

అదేం సమాధానం? చివర నిలబడటానికి లీడర్ కావాలా? ఉత్త బుజ్జగింపు కాకపోతే!

గుసగుస నాలుగు నెలల కిందట క్లాసులో చేరింది. వాళ్ళ నాన్న లిఫ్ట్‌లు బాగుచేస్తాడు. అంతకుముందు ఆరేళ్ళు వాళ్ళు ఈ నగరంలోనే ఉన్నారు. క్లాసులో అందరికంటే జానెడు పొడుగు. గొంతు మాత్రం పక్కన కూర్చున్న వాళ్ళకి కూడా సగమే వినబడుతుంది.

ఆ గొంతుకి జెండా! టపాకాయకి కడుపు మండిపోయింది.

రోడ్డు దాటేటప్పుడు ఆ మంట ఇంకా పెరిగింది. పసుపు జెండా చూసి కార్లు ఆగాయి. ఒక బస్సు డ్రైవర్ నవ్వుతూ చెయ్యి ఊపాడు. కూరల సంచీతో వస్తున్న ముసలావిడ ఆగి, "నువ్వేనా వీళ్ళందరికీ లీడర్?" అని గుసగుసని అడిగింది. గుసగుస సిగ్గుపడి నవ్వింది.

"కాదు! లీడర్ని నేను!" అని వరస చివర నుంచి టపాకాయ అరిచింది.

ముసలావిడ అటూ ఇటూ చూసింది. ముప్పైమంది వెనక ఉన్న పొట్టిపిల్ల ఆవిడకి కనబడితే కదా! గొంతు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియక, తల ఆడించి వెళ్ళిపోయింది.

మెట్రో స్టేషన్లో కదిలే మెట్లు వచ్చాయి. వాటిని చూడగానే పిల్లలు బెదిరిపోయి ఆగారు.

"కుడివైపు నిలబడండి. కాలికింద గీత చూసుకోండి. చివర్లో ఒక అడుగు పెద్దగా వెయ్యండి" అని గుసగుస మెల్లగా చెప్పింది.

మెల్లగా చెప్పడమే దానికి కలిసొచ్చింది. ఎవరికీ సరిగ్గా వినబడక అందరూ దాని చుట్టూ మూగారు. అందరికంటే ముందు మూగింది పెన్సిల్. పెన్సిల్ అంటే టపాకాయకి ప్రాణ స్నేహితురాలు. ఒకటో తరగతి నుంచీ ఒకే బెంచీ.

"ఏయ్ పెన్సిల్! నాతో రావా?" అంది టపాకాయ.

"నువ్వు తోకవి కదే! వరస తప్పితే టీచర్ తిడతారు" అంటూ పెన్సిల్ గుసగుస చెయ్యి పట్టుకుంది.

పుండు మీద కారం చల్లినట్టయింది టపాకాయకి. ఆ పిల్ల కాలు జారి కింద పడితే బాగుండునని కూడా అనుకుంది. అనుకున్నాక కొంచెం భయమేసింది. కానీ ఆ ఆలోచనని వెనక్కి తీసుకోలేదు.

టపాకాయకి ముందు, ఎర్ర సంచీ వేసుకుని నడిచేది నత్త. వాడి కాళ్ళలో ఏ లోపమూ లేదు. ఏది కనబడినా ఆగి నోరు తెరుచుకుని చూస్తాడు, అంతే. టికెట్ గేటు రెక్కలు మూసుకుంటే చూశాడు. గోడ మీద గడియారం చూశాడు. ప్లాట్‌ఫాం మీద డబ్బు వేస్తే నీళ్ళ సీసా పడే యంత్రం కనబడింది. ఇంక చెప్పాలా, దాని ముందు పాతుకుపోయాడు.

"నడవరా బాబూ!" అని టపాకాయ రెండుసార్లు అంది.

రైలు వచ్చింది. అది అక్కణ్ణుంచే బయల్దేరే రైలు, రెండు నిమిషాలు ఆగుతుంది. రైలు దగ్గర పద్ధతి కొంచెం వేరు. టీచర్, డ్రిల్ మాస్టారు ముందు ఎక్కి చోటు చూస్తారు. జెండా పట్టుకున్న వాళ్ళు తలుపు పక్కన బయటే నిలబడాలి. తోక ఎక్కి, "తోక వచ్చింది!" అని అరిచాకే జెండా ఎక్కాలి.

పిల్లలు ఒక్కొక్కరే ఎక్కుతున్నారు. అద్దంలోంచి టపాకాయకి పెన్సిల్ కనబడింది. కిటికీ పక్క సీట్లో కూర్చుని, పక్క సీటు మీద తన సంచీ పెట్టింది. ఎవరో కూర్చోబోతే, "ఇది గుసగుసకి!" అంటోంది.

గుసగుసకా?

టపాకాయ ముందువాళ్ళని తోసుకుంటూ రైల్లోకి దూకింది. వెనక్కి తిరిగి చూడలేదు. తలుపు దగ్గర నిలబడ్డ గుసగుస, "తోక వచ్చిందా?" అని అడిగింది.

అరవాలి. కానీ దీని కోసం తను గొంతు చించుకోవాలా?

"ఆఁ, ఆఁ, వచ్చిందిలే!" అని విసురుగా చెయ్యి ఊపి, సంచీ పక్కకి నెట్టి ఆ సీట్లో కూలబడింది.

గుసగుస ఎక్కింది. తలుపులు మూసుకున్నాయి. రైలు కదిలింది.

కిటికీ పక్కన సీసాల యంత్రం మెల్లగా వెనక్కి వెళ్ళింది. దాని ముందు నత్త. వాడు అప్పుడే ఇటు తిరిగాడు.

టపాకాయ కిటికీ అద్దం మీద దబదబా బాదింది. "టీచర్!" అని అరిచేసరికి కిటికీ అవతల సొరంగం చీకటి తప్ప ఏమీ లేదు.

రెండు నిమిషాల్లో తర్వాతి స్టేషన్. అందరూ గబగబా దిగారు. టీచర్ నెంబర్లు చెప్పించారు. పద్దెనిమిది దాకా వచ్చి ఆగిపోయింది. పందొమ్మిది పలకలేదు.

డ్రిల్ మాస్టారు వెనక్కి వెళ్ళే రైలు కోసం అవతలి ప్లాట్‌ఫాం మీదికి పరుగెత్తారు. టీచర్ స్తంభానికి ఉన్న ఎర్ర ఫోన్ ఎత్తి స్టేషన్ వాళ్ళతో మాట్లాడారు. ఫోన్ పెట్టేసి గుసగుస వైపు తిరిగారు.

"తోక అరుపు వినకుండా ఎందుకెక్కావు? నాకు ఏ అరుపూ వినబడలేదు. నీ మీద నమ్మకంతో కదా జెండా ఇచ్చింది!"

గుసగుస పెదవులు కదిలాయి. ఒక్కసారి టపాకాయ వైపు చూసి తల దించుకుంది.

నిజం చెప్పొద్దూ, ఆ క్షణంలో టపాకాయకి లోపల ఎక్కడో చల్లగా అనిపించింది. పెన్సిల్ కూడా గుసగుస వైపు కోపంగా చూస్తోంది. పొద్దుటి నుంచీ తను కోరుకున్నది ఇదే. ఊరుకుంటే చాలు. అరవలేదని టీచరే అంటున్నారు. చెయ్యి ఊపడం చూసింది గుసగుస ఒక్కతే. అది చెప్పినా ఎవరికి వినబడుతుంది?

కానీ అద్దం అవతల ఇటు తిరిగిన నత్త ముఖం కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. వాడి నోరు తెరిచే ఉంది. ఈసారి దేన్నో చూసి కాదు.

"టీచర్, అది అడిగింది" అంది టపాకాయ. తన గొంతు అంత చిన్నగా రావడం తనకే కొత్తగా ఉంది. ఇంకోసారి గట్టిగా చెప్పింది. "తోక వచ్చిందా అని అది అడిగింది. నేనే చూడకుండా వచ్చిందన్నాను. నత్తని దాటుకుని నేనే ముందు ఎక్కేశాను."

"ఎందుకు?"

"సీటు కోసం. జెండా దానికి ఇచ్చారని… కుళ్ళు, టీచర్."

టీచర్ కళ్ళు మూసుకుని తెరిచారు.

"వెనక పెద్దవాళ్ళెవరూ లేకుండా నడిపించడం నా తప్పు. అది నేను చూసుకుంటాను. నీ సంగతి తర్వాత మాట్లాడదాం" అన్నారు. తర్వాత గుసగుస భుజం మీద చెయ్యి వేశారు. "నిన్ను అడగకుండా అన్నానమ్మా. ఏమనుకోకు."

బూడిదరంగు యూనిఫారం వేసుకున్న స్టేషన్ ఉద్యోగి వచ్చాడు. "ఇక్కడ రైలు అర నిమిషం కంటే ఎక్కువ ఆపలేం మేడమ్. ఆరు పెట్టెలు, లోపల కిక్కిరిసిన జనం. మీ అబ్బాయికి ఈ స్టేషన్ పేరు తెలుసా?"

తెలియదు. నత్తకి తెలిసింది పసుపు జెండా ఒక్కటే. తప్పిపోతే జెండా కోసం చూడమని టీచర్ వాళ్ళకి వారం రోజులు చెప్పారు.

గుసగుస ప్లాట్‌ఫాం మధ్యకి వెళ్ళి, రెండు చేతులతో కర్రని తల పైకి ఎత్తి నిలబడింది.

మొదటి రైలు వచ్చింది. జనం వరదలా దిగారు. నత్త లేడు. రెండో రైలు వచ్చింది. అందులోనూ లేడు. పెన్సిల్ ఏడుపు మొదలుపెట్టింది. అప్పుడు టీచర్ సెల్‌ఫోన్ మోగింది. అవతల డ్రిల్ మాస్టారు.

"ఇక్కడ లేడు టీచర్! ఎర్ర సంచీ పిల్లాడు ఇప్పుడే పోయిన రైలెక్కాడని ఒకావిడ చెబుతోంది. నేను రావడానికి అర నిమిషం ముందేనట!"

అంటే ఇప్పుడొచ్చే రైల్లోనే ఉన్నాడు. ఇక్కడ జెండా కనబడకపోతే వాడు దిగడు. రైలు వాణ్ణి ఎక్కడికి తీసుకుపోతుందో ఎవరికి తెలుసు?

జెండా వణుకుతోంది. గుసగుస చేతులు ఎత్తి పది నిమిషాలు దాటింది. కర్ర కొంచెం కొంచెంగా కిందికి జారుతోంది. అది పెదవి కొరుక్కుని మళ్ళీ పైకి నెడుతోంది.

టీచర్ చూశారు. రెండు వైపులా ఇద్దరు పిల్లల్ని పట్టుకుని ఉన్నారు ఆవిడ. "చేతులు లాగుతున్నాయా తల్లీ? టపాకాయకి ఇవ్వు, కాసేపు అది పడుతుంది."

గుసగుస జెండా ముందుకి చాచింది.

పొద్దుటి నుంచీ మనసు పీకేస్తున్న జెండా. చెయ్యి చాస్తే తనది. టపాకాయ చెయ్యి లేచింది కూడా. అప్పుడే చుట్టూ చూసింది. పెద్దవాళ్ళ భుజాలు, సంచీలు, తలలు. తను ఎత్తితే జెండా ఆ తలల మధ్యే మునిగిపోతుంది.

"వద్దు టీచర్. నేను పొట్టి" అంది. "ఎత్తవే గుసగుసా. నేను కింద ఉంటా."

గుసగుస వెనక నిలబడి, దాని రెండు మోచేతుల కిందా తన అరచేతులు పెట్టి పైకి నెట్టింది. మునివేళ్ళ మీద లేచింది. జెండా మళ్ళీ నిటారుగా లేచింది.

సొరంగంలో వెలుతురు కనబడింది. రైలు వచ్చి ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి.

"నత్తా!" అని టపాకాయ అరిచింది. అది మామూలు అరుపు కాదు. పక్కన ఫోన్లో మాట్లాడుతున్న ఆయన ఫోన్ జారవిడిచాడు. "నత్తా! ఇక్కడరా! జెండా చూడరా! దిగరా!"

ఒక పెట్టె, రెండో పెట్టె… నాలుగో పెట్టె తలుపులో, ఎవరిదో గొడుగు కిందనుంచి ఎర్ర సంచీ ఒకటి బయటికి వచ్చింది. సంచీ వెనకే నత్త. వెనక తలుపులు మూసుకున్నాయి.

టీచర్ వాణ్ణి ఎత్తేసుకున్నంత పని చేశారు. పిల్లలంతా చుట్టూ మూగారు. వాడి బుగ్గల మీద కన్నీళ్ళ చారలున్నాయి.

"ఎలా దిగావురా? జెండా కనబడిందా?" అని పెన్సిల్ అడిగింది.

"ఆఁ. టపాకాయ గొంతు వినబడి అటు చూస్తే జెండా కనబడింది" అన్నాడు వాడు, ముక్కు తుడుచుకుంటూ. "దాని కింద వీళ్ళిద్దరూ పెనుగులాడుతున్నారు. జెండా లాక్కోడానికి కొట్టుకుంటున్నారేమో అనుకున్నా. విడిపిద్దామని దిగా."

అందరూ పగలబడి నవ్వారు. టీచర్ కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. టపాకాయ ఒక్కతే నవ్వలేదు. వాడు అలా అనుకోవడంలో తప్పేముంది? పొద్దుటి నుంచీ తనని చూసినవాళ్ళు ఎవరైనా అలాగే అనుకుంటారు.

"ఇంక దించవచ్చు" అని గుసగుస మెల్లగా అంది. ఈసారి ఆ మాట టపాకాయకి పూర్తిగా వినబడింది, అంత దగ్గరగా ఉంది మరి.

జెండా దించారు. గుసగుస వేళ్ళు కర్రకి అతుక్కుపోయినట్టు బిగుసుకుపోయాయి, విప్పుకోవడం లేదు. టపాకాయ ఒక్కొక్క వేలే మెల్లగా విప్పింది. కర్ర జాగ్రత్తగా స్తంభానికి ఆనించి, నేల మీద కూర్చుని, గుసగుస చెయ్యి ఒళ్ళో పెట్టుకుని పామడం మొదలుపెట్టింది.